గుర్రాలాయన తుండుగుడ్డ

రైలు స్టేషనుకు జట్కా తిప్పుదామని, ఈ రోజు పొద్దున మార్కాపురం సంతలో గుర్రం బేరానికి వెళ్లాను. అమ్మే ఆయన దాన్ని తెగ పొగుడుతున్నాడు గానీ, నా కళ్లు ఆయన కుడిచేతి మీదే ఉన్నాయి. ఇంత ఎండలో ఆ చేతికి తుండుగుడ్డ ఎందుకు చుట్టుకున్నట్టు?

“చిన్నపిల్లోడు పట్టుకున్నా కదలదన్నా,” అన్నాడు.

“అయితే తాడు ఇట్ల ఇయ్యి, నాలుగడుగులు నడిపించి చూస్తా,” అన్నాను.

మా ఇంట్లో ఎప్పుడూ ఎద్దులే. పలుపు చేతికి రెండు చుట్లు తిప్పి పట్టుకోవడం నాకు అలవాటు. ఈ తాడూ అలాగే తిప్పుకుంటుంటే, ఆయన ఒక్క ఉరుకున వచ్చి నా మణికట్టు పట్టుకుని చుట్లు ఊడదీశాడు.

“చుట్టుకోవాకన్నా! అది బెదిరి లాగిందంటే తాడు బిగుసుకుంటాది, వేళ్లు తెగిపోతాయి. మడతపెట్టి గుప్పిట్లో పట్టుకో. లాగితే వదిలెయ్యొచ్చు.”

“చిన్నపిల్లోడు పట్టుకున్నా కదలదంటివే?”

నా చేయి విడిపించిన గాభరాలో ఆయన తుండుగుడ్డ జారి కింద పడింది. కుడిచేతికి రెండు వేళ్లు లేవు. పుండు ఇంకా పచ్చిగానే ఉంది.

గుర్రాన్ని కొనకుండా, పది వేళ్లతో మా ఊరు పెద్దారవీడు చేరాను. బేరం పోతుందని తెలిసీ నన్ను ఆపాడు, ఎప్పుడైనా గుర్రం కొంటే ఆయన దగ్గరే కొనాలి అని దారంతా అనుకున్నాను. ఇంటికొచ్చి కాళ్లు కడుక్కుంటుంటే అనుమానం పట్టుకుంది. నా చేత సరిగ్గా ఇదే అనిపించాలనుకున్నాడేమో! మీరే చెప్పండి, ఆ తుండుగుడ్డ దానంతటదే జారిందంటారా?