షుగర్ లేదన్న కబురు

ఇన్నేళ్ళుగా గొంతులో అడ్డం పడి ఉన్న మాట ఇది. మీకు చెబుతున్నాను. మీరు నన్నెరగరు, అదే మేలు.

రెండువేల సంవత్సరం రాగానే కంప్యూటర్లు ఆగిపోతాయని కంపెనీలు హడలిపోతున్న రోజులు. ఆ పని మీద సింగపూర్ వచ్చి సెంబవాంగ్‌లో నలుగురం తెలుగువాళ్ళం ఒకే ఫ్లాట్‌లో ఉండేవాళ్ళం. నలుగురికీ ఒకటే ఫోను. ఓసారి కింద తిండి దుకాణాలుండే హాకర్ సెంటర్లో శేఖర్ నన్ను చూపించి అందరి ముందూ అన్నాడు: "ఫోన్ మోగితే వీణ్ణి మాత్రం ఎత్తనివ్వకండ్రా బాబూ. వీడి ఇంగ్లీషు వింటే అవతలివాళ్ళు రాంగ్ నంబరనుకుని పెట్టేస్తారు." ఎవరెవరు ఎంతసేపు నవ్వారో ఇప్పటికీ చెప్పగలను.

కొన్నాళ్ళకు శేఖర్‌కు చూపు మసకబారింది. పరీక్షలు చేయించుకున్నాడు. కంటి క్లినిక్ నుంచి ఫోనొచ్చినప్పుడు ఇంట్లో నేనొక్కణ్ణే ఉన్నాను. షుగర్ లేదు, కానీ కంటి వెనక రక్తనాళాలు దెబ్బతిన్నాయి, బీపీ వల్లే అయ్యుంటుంది, రేపే రమ్మనండి అంది నర్సు. నెమ్మదిగా, రెండుసార్లు.

సాయంత్రం శేఖర్ బూట్లు విప్పుతూనే అడిగాడు.

"క్లినిక్ వాళ్ళు చేశారా?"

"చేశారు. షుగర్ లేదట."

"హమ్మయ్య! ఇంకేమన్నా అన్నారా?"

"అంతే."

ఆ సంతోషంలో వాడు కొత్త ఆవకాయ సీసా మూత తీశాడు.

ఎందుకలా చేశాను? మా వైపు కన్ను మసకబారిందంటే ముందు అడిగేది షుగర్ ఉందా అనే. అది లేనివాడి కంటికి ఏమవుతుందిలే అనుకున్నానా? అలా అనుకున్నాననే చాలాకాలం నాకు నేను చెప్పుకున్నాను. నిజం అది కాదు. మళ్ళీ ఫోనొస్తే వాడే ఎత్తి, ఎందుకు రాలేదని వాళ్ళ చేత చివాట్లు తినాలనుకున్నాను. ఫోను రాలేదు. రెండ్రోజులు రెండు వారాలయ్యాయి.

ఒక పొద్దున నోట్లో బ్రష్షుతోనే వచ్చాడు. "ఒరే, కుడికంట్లో అంతా నలుపేరా." ఆ కన్ను మూసి, తెరిచి, మళ్ళీ మూశాడు. షుగర్ లేనివాడికి కన్ను పోతుందా? పోతుందట. పోయింది.

ముందే ఫోన్ చేశాం కదా అని డాక్టరు గట్టిగా అడిగాడు. శేఖర్ నా భుజం మీద చెయ్యి వేశాడు. "వీడి తప్పు కాదు డాక్టర్. పాపం, ఇంగ్లీషు అంతగా రాదు."

అప్పుడు కూడా ముందు పొడుచుకొచ్చింది పౌరుషమే. మరుక్షణం ఆ మాట చాటునే దాక్కున్నాను. దాక్కున్నా, అలా అన్నందుకు వాడి మీద కోపం ఈనాటికీ పోలేదు. ఇదీ ఒప్పుకుంటున్నాను.

వాడిప్పుడూ సింగపూర్‌లోనే, పుంగ్గోల్‌లో ఉంటాడు. కలిసినప్పుడల్లా నేను వాడి కుడిపక్కనే నడుస్తాను. అటునుంచి వాడికి నా ముఖం కనిపించదు.

ఆ రోజు ఫోన్లో నర్సు అన్న ప్రతి మాటా నాకు అర్థమైంది.