హారతి పట్టిన ఈసీజీ

తిరుత్తణిలో డాక్టర్ చెంగల్వరాయుడికి తన చెవుల మీద గట్టి నమ్మకం. స్టెతస్కోపు పెట్టి కళ్ళు మూసుకుంటే రోగి గుండె తనతో మాట్లాడుతుందనేవాడు. ఊరూ అలాగే నమ్మింది, 1983లో బస్టాండు దగ్గర గోపాలన్ ఈసీజీ మిషను పెట్టేదాకా.

గోపాలన్ మెడికల్ కాలేజీలో అతని జూనియరు. "అన్నా, అన్నా" అని వెంట తిరిగినవాడు. ఇప్పుడు చెంగల్వరాయుడి రోగులే అక్కడ వరసలో కూర్చుంటున్నారు. గీతల కాగితాన్ని ప్రసాదంలా రెండు చేతులా పట్టుకుని బయటికొస్తున్నారు. నూలు వ్యాపారి తిరుమలయ్య దాన్ని తెచ్చి చెంగల్వరాయుడి బల్ల మీదే పరిచాడు.

"చూడండి డాక్టరయ్యా, నా గుండె! మీరు ఇన్నేండ్లు ఇన్నారు గానీ ఒకనాడన్నా చూపించినారా?"

ఆ పూట అతనికి అన్నం సయించలేదు. తనూ మిషను కొంటే గోపాలన్‌ని చూసి కొన్నాడంటారు. అందుకని మద్రాసు వెళ్ళి టీవీ కొన్నాడు. వీధిలో అందరికంటే ఎత్తుగా యాంటెనా కట్టించాడు. శుక్రవారం టీవీలో వచ్చే సినిమా పాటలకు ఇల్లు నిండిపోయేది. వచ్చినవాళ్ళు పాటకూ పాటకూ మధ్య మాట్లాడుకునేది మాత్రం గోపాలన్ మిషను గురించే.

చివరికి తల్లి కృష్ణమ్మ కూడా అందుకుంది. "ఒరే చెంగా, రొమ్ములో ఏందో ఎగిరెగిరి పడతా ఉండాది. నన్నూ ఆ మిషనుకు చూపించరాదా?"

అతనికి ఒళ్ళు మండింది. స్టెతస్కోపు ఇట్లా పెట్టి అట్లా తీశాడు. "గ్యాసమ్మా. శనగలు తినేది మానుకో."

తర్వాతి శుక్రవారం పూజగదిలో మురుగన్ పటం ముందు అదే రకం కాగితం కనబడింది. మూలన కుంకుమ బొట్టు, పైన పువ్వు.

"ఎవురిదిది?"

"అత్తమ్మది," అంది భార్య వసుమతి. "నేనే పిల్చుకొని పొయినాను."

"డాక్టరు నేను ఇంట్లో ఉండంగా ఆడికి పోతారా? ఊరు నవ్వదా?"

"నవ్వనీండి. అన్నకు చూపించండి, అన్నే చెప్తాడని పంపినాడు ఆ గోపాలన్ డాక్టరు. మీరు అరుస్తారని అత్తమ్మ దాచింది."

గోపాలన్ తప్పు ఒక్కటి దొరికినా చాలనుకుంటూ కాగితం లాక్కున్నాడు. మధ్యంతా నల్లగా ఉంది.

"ఏం చేసినావమ్మా దీన్ని?"

"హారతిచ్చినాను. నా గుండె గదరా, చల్లగా ఉండాలని!"

వేడి సూది తగిలి మైనం కరిగితే గీత పడే కాగితం అది. కర్పూరం సెగకు మైనమంతా కరిగి గీతలు నలుపులో కలిసిపోయాయి. అంచున మిగిలినవాటిలో ఒకటి వేళకు ముందే, వెడల్పుగా లేచి ఉంది, గుండె దెబ్బ తప్పిన గుర్తుగా. అలాంటివి ఎన్ని ఆ నలుపు కింద పోయాయో తెలియదు. స్టెతస్కోపు తెచ్చి ఈసారి చాలాసేపు విన్నాడు. చప్పుడు లయ తప్పుతోంది. మొన్ననే వినబడాల్సింది.

"చెప్పులేసుకోమ్మా."

"యాడికిరా?"

"ఆడికే."

హాల్లో టీవీ ముందు జనం. తిరుమలయ్య తల తిప్పాడు. "పాటలప్పుడు యాడికి డాక్టరయ్యా?"

"ఈసీజీకి," అన్నాడు చెంగల్వరాయుడు. హాలంతా ఇటు తిరిగింది.

బస్టాండు దగ్గర వాళ్ళని చూడగానే గోపాలన్ కుర్చీలోంచి లేచాడు. "రాండన్నా, మీ కోసమే చూస్తా ఉండాను."

కాగితం కదులుతుంటే చెంగల్వరాయుడు దాని మీదికి వంగాడు. తప్పిన దెబ్బలు అక్కడక్కడే ఉన్నాయి, వరసగా లేవు. మాత్రలకు లొంగుతుంది. ఊపిరి వదిలాడు. అది పూర్తిగా వదలకముందే, ఆ సూది నాజూకు చూసి కడుపు మళ్ళీ రగిలింది.

"యాడ కొన్నావు దీన్ని?"

"చెప్తానన్నా," అన్నాడు గోపాలన్. "ముందు అమ్మ చేతిలోంచి ఆ కాగితం తీసుకోండి. కర్పూరం ఉందా అని అడగతా ఉంది."