అత్త కారుకి ఆకాశం

మా నాన్న కారు తెల్లది. కొన్నప్పుడు సీట్లకి వచ్చిన ప్లాస్టిక్ తొడుగుల్ని ఇన్నేళ్లయినా తీయనివ్వలేదు. వేసవిలో అవి వీపుకి అంటుకుపోయేవి. మలుపు ఇంకా అంత దూరాన ఉండగానే ఆయన హారన్ కొట్టడం మొదలుపెడతారు. రైల్వే ఆఫీసులో ఎంత జాగ్రత్తగా పనిచేశారో కారూ అంత జాగ్రత్తగానే నడుపుతారు. ఈ రైల్వే ఊళ్లో మా పేట తాల్‌బగీచా; అక్కడ మా వీధి కార్లన్నీ ఇంచుమించు అలాంటివే. కారంటే అంతే కాబోలు అనుకునేదాన్ని, మా మేనత్త కొనేదాకా.

అత్త నాన్నకి చెల్లెలు. పెళ్లి చేసుకోలేదు, మాతోనే ఉంటుంది. ఆమె పనిచేసిందీ రైల్వేలోనే, మరో ఆఫీసులో. ఆ గదికి కిటికీ ఉండేది గానీ, దానికి అడ్డంగా ఫైళ్ల బీరువాలు పెట్టేశారు. పగలు కూడా ట్యూబ్‌లైట్ వెలుగే. బయట వాన పడుతోందని, లోపలికి వచ్చేవాళ్ల గొడుగుల్ని చూసి తెలుసుకునేది. నేత చీరలు, తక్కువ మాటలు. ఫలానాది ఆమెకి ఇష్టమని ఇంట్లో ఎవరం ఎరగం.

రిటైరయ్యాక డ్రైవింగ్ నేర్చుకుంది. ఒకరోజు నాన్ననీ నన్నూ వెంటబెట్టుకుని షోరూముకి వెళ్లింది. అక్కడి కుర్రాడు మైలేజీ గురించీ డిక్కీ గురించీ చెబుతుంటే తలూపుతూ విని, చివరికి ఒక్కటే అడిగింది, పైకప్పు తెరుచుకుంటుందా అని.

"దాదా, ఛత్ ఖుల్తా హై క్యా?"

నాన్న ఉలిక్కిపడ్డారు. "నెత్తిమీద కన్నం ఉన్న కారేటే? వానొస్తే ఏటి సేస్తావు?"

"మూసీస్తానన్నయ్యా."

"దుమ్ము పడితే?"

"తుడుసుకుంటాను."

గొంతు పెంచలేదు. పైకప్పులో అద్దం ఉన్న నీలం రంగు కారునే కొనుక్కుంది.

శ్రావణంలో ఒక ఆదివారం పొద్దున్న, తిరిగొద్దాం రమ్మంది. నా బండిలో ఎల్దాం అన్నారు నాన్న.

"నీ బండిలోంచి రోడ్డొక్కటే కనబడతాది అన్నయ్యా," అంది అత్త.

పూరీ గేట్ దగ్గర టోటో రిక్షాల మధ్య నుంచి మెల్లగా బయటపడి, ఝాడ్‌గ్రామ్ దారి పట్టాం. సాల్ చెట్ల అడవి మొదలవగానే అత్త పైకప్పు తెరిచింది. ఆకుల నీడలు నాన్న తెల్లచొక్కా మీదుగా, నా ఒడిలోంచి, వెనక్కి జారిపోతున్నాయి. తడిమట్టి వాసన వచ్చింది. అంతలోనే చినుకులు.

"మూసీ, మూసీ!" అన్నారు నాన్న.

అత్త అద్దం మూసింది. బండిని ఒక మట్టిబాట పక్కకి తీసి, ఇంజన్ ఆపేసింది. "సీటు ఎనక్కి వాల్సుకో అన్నయ్యా," అని తనూ వెనక్కి వాలింది.

వాన నేరుగా మా మొహాల మీదికే వస్తోంది, తగలడం లేదు. పైన చెట్లు నీళ్లలో కరిగి, మళ్లీ చెట్లవుతున్నాయి. ఏటి అడుగున పడుకుని పైకి చూస్తున్నట్టుంది. నాన్న చేయి ఎత్తి అద్దానికి అరచేయి ఆనించారు.

"సిన్నప్పుడు క్వార్టర్స్ మేడమీద పడుకునీవోలం. వానొచ్చినా నువ్వు దిగీదానివి కాదు."

"నువ్వే సెయ్యి పట్టుకుని లాక్కుపోయీవోడివి."

"జొరం వస్తాదని భయమే."

"ఒక్కసారైనా వచ్చిందేటి?"

అత్త ముఖంలోకి చూశాను. నిష్ఠూరం లేదు. ఎప్పుడో సగంలో లేపేసిన నిద్రని మళ్లీ అందుకున్నట్టు ఉంది.

వాన సన్నబడ్డాక ఆమె అద్దం తెరిచింది. కొమ్మల మీది నీళ్లు టపటపా నాన్న కళ్లజోడు మీద పడ్డాయి. ఆయన తుడుచుకోలేదు.

"ఎల్దామా అన్నయ్యా?"

"ఉండవే, ఏటి తొందర?"

మరుసటి ఆదివారం అత్త ఇంకా కాఫీ కలుపుతూనే ఉంది. బయట హారన్ మోగింది. వెళ్లి చూస్తే నాన్న నీలం కారులో, డ్రైవరు పక్కసీటు బాగా వెనక్కి వాల్చుకుని పడుకుని, చేయి మాత్రం చాచి స్టీరింగ్ మీద నొక్కుతున్నారు.