పొట్టి కప్పు

టమాటాల కోసం ప్లాస్టిక్ కప్పి వేసిన మొదటి పాలీహౌస్‌ను గాలి ఎత్తుకుపోయాక, రెండోదాన్ని ఆమె భర్త పంతం పట్టి కట్టాడు. కప్పు పొట్టిగా, పక్కలు బిగుతుగా, చీమ దూరే సందు కూడా లేకుండా. దీన్ని ఏ గాలీ కదపలేదని వచ్చినవాళ్లందరికీ చూపించుకున్నాడు. నిజంగానే కదపలేదు. అది నిలబడింది, ఆయనే గుండె ఆగి పోయాడు.

చుట్టాలు వెళ్లిపోయాక ఆమె లోపల అడుగుపెట్టింది. తెల్లారేసరికి ప్లాస్టిక్ లోపలివైపంతా నీళ్లు పట్టి, చుక్కచుక్కగా టమాటా ఆకుల మీద రాలుతున్నాయి. గాలి ఆడక, ఎండ నెత్తికెక్కినా ఆకులు ఆరడం లేదు. పైన పసుపు మచ్చలు, అడుగున బూజు. మందు కొట్టింది. మళ్లీ కొట్టింది. తెగులు పక్క వరుసకు పాకింది. జబ్బు ఆకులు తుంచి సంచుల్లో కుక్కి బయటికి మోసింది. ఏడుపు రాలేదు. కోపమూ రాలేదు. ఆకలేస్తే తినేది, లేకపోతే లేదు.

వెల్డింగ్ పనిచేసే మరిదిని పిలిపించింది. అతను వంగి లోపలికొచ్చి చాలాసేపు పైకి చూశాడు. తేమ పోయే దారి లేకపోతే ఎన్ని మందులు కొట్టినా ఇంతేనని అతనికీ అర్థమైంది.

"పక్కలు చుట్టి పైకి కడదాం వదినా. కప్పు జోలికెందుకు? అన్నయ్య కట్టింది కదా."

"పక్కలు తెరిస్తే చాలదు. వేడీ తేమా పైనే ఉండిపోతాయి. కప్పు కొయ్యి."

"నీకు బాధగా లేదా?"

"తెలీదు. ఉంటే తర్వాత తెలుస్తుందేమో. ముందు కొయ్యి."

ఆమె నిచ్చెన పట్టుకుంది. బోల్టులు ఒక పట్టాన ఊడిరాలేదు. అన్నయ్య బిగించాడంటే ఏనుగు లాగినా రాదని మరిది నవ్వబోయాడు. తనూ నవ్వాలని ఆమెకు తెలుసు. మొహమే మాట వినలేదు. ప్లాస్టిక్ కోస్తుంటే నిలిచిన నీళ్లు ఆమె భుజాల మీద పడ్డాయి. తుడుచుకోలేదు.

గొట్టాలకు అతుకులేసి కప్పు పైకెత్తారు. నడినెత్తిన పొడవునా సందు వదిలి, తాడు లాగితే తెరుచుకునే మూత పెట్టారు. తర్వాతి పంటకు ఆమె మొక్కల మధ్య ఎడం కూడా పెంచింది. రోజూ పొద్దున్నే తాడు లాగేది. ఆకులు త్వరగా ఆరిపోయేవి. బూజు పూర్తిగా పోలేదు. గాలి సరిగా తగలని ఒక మూల కొన్ని మొక్కలకు వస్తే పీకేసింది. మిగతావి విరగకాశాయి.

కాయలు కోయడానికి తోటికోడలు సాయం వచ్చింది. ఒకటి కొరికి, "ఎంత బాగున్నాయక్కా," అంది.

ఆమె కూడా ఒకటి కొరికింది. రుచేమీ తెలియలేదు. అయినా కాయంతా తినేసి, చేతులు కొంగుకు తుడుచుకుని, తర్వాతి వరుసలోకి నడిచింది.