ఎర్ర దిబ్బ మీద వెర్నా

వెర్నా కోవాల్డ్ క్వార్న్ ఊళ్లో బడి బస్సు నడిపీ నడిపీ రిటైరైంది. ఉద్యోగమంతా ఒకటే దారి, ఒకటే వేగం. ఇంట్లో కూర్చోలేక పాత మోటార్‌సైకిల్ ఒకటి కొని, ఊరి బైకుల జట్టుతో ఎడారి అంచునున్న బర్డ్స్‌విల్ అనే ఊరికి బయల్దేరింది. రాళ్ల దారి పొడుగునా అందరికన్నా వెనకే ఉండి, అందరి దుమ్మూ తింది.

బర్డ్స్‌విల్ దాటాక ఎర్రటి ఇసుక దిబ్బ దారికి అడ్డంగా లేచింది. జట్టులోని మగవాళ్లంతా ఎలాగో ఎక్కేశారు. వెర్నా బండి మొదటిసారి సగంలోనే కూరుకుపోయింది. రెండోసారి బండి ఒకవైపు, ఆమె ఒకవైపు పడ్డారు.

"చాల్లే అక్కా. చుట్టూ తిరిగొచ్చే దారుంది," అని పైనుంచి అరిచాడు జట్టు పెద్ద డెస్.

"ఆ దారిన నువ్వెళ్లు. ముందు అక్కణ్ణించి పక్కకి జరుగు, గుద్దేస్తాను."

ఇసుకలో కూరుకుపోకుండా చక్రాల్లో కాస్త గాలి తీసి, బాగా వెనక్కి వెళ్లి వేగం అందుకుంది. ఇసుకలో బండి పాములా మెలికలు తిరిగినా ఈసారి యాక్సిలరేటర్ మీద చెయ్యి సడలించలేదు. ఒక్కసారిగా ముందు ఆకాశం తప్ప ఏమీ కనబడలేదు. దిబ్బ కొసన బండి ఆపింది. అవతల, మొన్నటి వానలకి ఎడారంతా పసుప్పచ్చగా పూసి ఉంది.

వెర్నా హెల్మెట్ తీసింది.

"తర్వాతి దిబ్బ ఏదిరా?" అంది డెస్‌తో.