పెద్దమ్మ పేరు ముందు రెండక్షరాలు

బెజవాడ బెంజ్ సర్కిల్ దగ్గర ఎక్కిన బస్సు ఉయ్యూరు చేరబోతుండగా కిటికీలోంచి చెరకు రసం ఉడికే వాసన, తీపీ పులుపూ మసీ కలిసిన ఆ బరువైన వాసన లోపలికి వచ్చేస్తుంది. మిగతా జనం ముక్కులకి కొంగులూ కర్చీఫులూ అడ్డం పెట్టుకుంటారు. నాకు మాత్రం ఇన్నేళ్ళ తరవాత కూడా ఒక పాత భయం గుర్తొస్తుంది. పదకొండేళ్ళ వయసులో ఆ వాసన మధ్యే కూర్చుని, మా పెద్దమ్మని నా చేత్తో నేనే చంపేశానని నమ్మాను.

పెద్దమ్మ అంటే మా అమ్మకి అక్క, పేరు విశాలాక్షి, ఉయ్యూరు టెలిఫోన్ ఎక్స్ఛేంజిలో ఆపరేటరు. మా ఊళ్ళో బడి ఐదో తరగతితో అయిపోవడంతో నన్ను తెచ్చి ఆవిడ దగ్గర పెట్టారు. పిల్లల్లేని ఆ ఇంట్లో నేను ఆడింది ఆట, పాడింది పాట. సాయంత్రం బడి వదలగానే చెరకు బళ్ళ వెనక పరిగెత్తి ఒక గడ లాక్కుని, పళ్ళతోనే చీల్చుకు తింటూ, జిగురు చేతుల్తో ఎక్స్ఛేంజికి చేరేదాన్ని. పెద్దమ్మ చెవులకి హెడ్‌ఫోన్ తగిలించుకుని, ఎదురుగా బోర్డు చిల్లుల్లో తాళ్ళు గుచ్చుతూ తీస్తూ, పై ఊళ్ళకి ట్రంకాల్ బుక్ చేసుకున్నవాళ్ళ పేర్లు చీటీల మీద రాసుకుంటూ కనపడేది. ఇంటికొచ్చాక నాగులచవితి రోజుల్లో అయితే చిమ్మిలి ఉండలు, చలికాలమైతే అంచులు ఎర్రగా కాలిన మినపరొట్టె, ఆ పైన పెదనాన్నతో అష్టాచమ్మా. పెదనాన్న పంచదార ఫ్యాక్టరీలో బళ్ళు తూచే కాటా దగ్గర పనిచేసేవారు. గవ్వలు వేసేటప్పుడు తప్ప నోరు విప్పేవారు కాదు.

ఆ ట్రంకాల్ చీటీల్లోంచే పుట్టింది పెద్దమ్మ రాసిన నవల, 'పైలోకం ఎక్స్ఛేంజి'. యముడి ఆఫీసులో కొత్తగా టెలిఫోను పెట్టి, పోయిన ఒక ఆపరేటరమ్మకే అక్కడ ఉద్యోగం ఇస్తారు. లైను సరిగ్గా వినపడక ఆవిడ గుడివాడ సుబ్బారావుకి బదులు గన్నవరం సుబ్బారావు పేరు చీటీ మీద రాస్తుంది. భటులు వెళ్ళి, గడ్డం గీసుకుంటున్న మనిషిని మొహాన నురగతో ఉన్నవాణ్ణి ఉన్నట్టే పట్టుకొస్తారు. సగం గడ్డంతో అతను పైలోకం ఆఫీసులన్నీ తిరుగుతూ, తను ఇంకా చావలేదని అర్జీలు పెట్టుకుంటూ ఉంటాడు. పెద్దమ్మ ఒక్కో అధ్యాయం చదివి వినిపిస్తుంటే పెదనాన్న కూడా భుజాలు అదిరేలా నవ్వేవారు. అయితే ఆ లోకానికి ఒక రూలుంది: చీటీ మీద పేరు ఏ చెయ్యి రాసిందో ఆ చెయ్యే కొట్టేయాలి, లేకపోతే యముడంతటివాడు కూడా మనిషిని వెనక్కి పంపలేడు. నేను ఆ రూలుని మనసారా నమ్మాను.

ఒక వారపత్రిక నవలల పోటీ పెట్టింది. పెద్దమ్మ రాత కోడి కెలికినట్టుంటుంది, నా అక్షరాలు గుండ్రంగా ఉంటాయి కాబట్టి సాపు ప్రతి రాసే పని నాకు పడింది. ధనుర్మాసమంతా వేళ్ళకి సిరా మరకలతోనే గడిచిపోయింది. పోస్టు చేసే రోజు పొద్దున పైఅట్ట రాస్తూ, ఉత్త పేరు రాస్తే బోసిగా ఉంటుందనిపించింది. మా బడిలో ప్రతి గది గుమ్మం మీదా ఒక పాలరాతి పలక, దాని మీద ఆ గది కట్టించినవారి పేరు, పేరు ముందు 'కీ.శే.' అనీ ఉండేవి. శ్రీ అందరికీ పెడతారు, డాక్టరు కొందరికి పెడతారు, ఈ రెండక్షరాలు మాత్రం గదులు కట్టించేంత గొప్పవాళ్ళకే ఇస్తారని నాకు నేనే తేల్చుకున్నాను. పువ్వుల బోర్డరు గీసి, మధ్యలో ఎర్రసిరాతో 'రచన: కీ.శే. విశాలాక్షి' అని రాసి, పెద్దమ్మ పుట్టింటి ఇంటిపేరు కూడా చేర్చి, కవరు అంటించేశాను. డ్యూటీకి టైమైపోతోందని పెద్దమ్మ ఆ అట్ట చూడకుండానే రిజిస్టర్ పోస్టు చేసేసింది.

మూడు వారాల తరవాత పక్కింటి వెంకట్రామయ్య గారు పోయారు. పెద్దకర్మ కార్డు మీద ఆయన పేరు ముందు అవే రెండక్షరాలు కనపడితే, పోయాక ఇంత గొప్పవారెలా అయ్యారని పెదనాన్నని అడిగాను. "కీర్తిశేషులమ్మా. పేరే మిగిలిందీ, మనిషి లేడూ అని," అన్నారు గవ్వలు ఏరుతూ. నేను ఎర్రసిరాతో రాసిన పైఅట్ట గుర్తొచ్చింది. అప్పటికి పెద్దమ్మ కడుపులో గడ్డ ఉందని డాక్టర్లు చెప్పి వారమైంది. బెజవాడలో ఆపరేషనుకి రోజు కూడా పెట్టేశారు.

రాసింది నా చెయ్యి, కొట్టేయాల్సిందీ నా చెయ్యే, అట్ట మాత్రం నాకు అందని పత్రికాఫీసులో ఉంది. తిడతారని కాదు, బయటికి చెబితే అది నిజమైపోతుందని భయపడి నోరు మూసుకున్నాను. అన్నం సయించలేదు. తను లేని రోజులకని పెద్దమ్మ కందిపొడి కొట్టి సీసాల్లోకి ఎత్తుతుంటే, ఎన్ని రోజులకి సరిపడా కొడుతోందో అడగడానికి ధైర్యం చాలక వీధిలోకి వెళ్ళి నిలబడేదాన్ని.

ఆపరేషను రోజు పొద్దున పెద్దమ్మ గాజులన్నీ తీసేసి, ఆకుపచ్చ గౌనులో ఆస్పత్రి మంచం మీద కూర్చుని ఉంది. ఆ బోసి చేతులు చూశాక ఇంక ఆపుకోలేక మొత్తం చెప్పేశాను. నవ్వేస్తుందనుకున్నాను, నవ్వలేదు. ఆవిడకీ భయంగా ఉందని, ఆ భయం నా భయం కంటే పెద్దదని అప్పుడే తెలిసింది నాకు.

"అది నేను కల్పించిన రూలే బుజ్జీ. కథకి కావాలని రాశాను," అంది. నా చెయ్యి పట్టుకుంది. "అయినా సరే, ఏదన్నా కాయితం మీద రాసి కొట్టెయ్యి. నేను చూస్తుండగా కొట్టెయ్యి."

మందుల చీటీ వెనక ఆ రెండక్షరాలతో పేరు రాసి, కాయితం చిరిగేదాకా కొట్టేశాను. స్ట్రెచరు తీసుకెళ్ళిపోయారు. పెదనాన్నా నేనూ బెంచీ మీద ఒకరినొకరం చూసుకోకుండా కూర్చున్నాం. తలుపు కదిలినప్పుడల్లా ఆయన లేచి నిలబడేవారు, ఎవరో నర్సు బయటికొచ్చి మమ్మల్ని పట్టించుకోకుండా వెళ్ళిపోయేది, ఆయన మళ్ళీ కూర్చునేవారు. మధ్యాహ్నం రెండు దాటాక డాక్టరు వచ్చి, గడ్డ తీసేశామని, అది చెడ్డ గడ్డ కాదని చెప్పారు. పెదనాన్న నన్ను పట్టుకుని వెక్కివెక్కి ఏడ్చారు.

ఎండలు ముదిరాక, కవరు మీది చిరునామా పట్టుకుని, పెదనాన్న పేరిట పత్రిక నుంచి ఉత్తరం వచ్చింది. శ్రీమతి గారి అకాలమరణానికి సంతాపం తెలుపుతూ, ఆవిడ జ్ఞాపకార్థం నవలని సీరియల్‌గా వేస్తామని రాశారు. నిజం రాసి పంపుదామని పెదనాన్న కార్డు తెస్తే పెద్దమ్మ లాక్కుంది.

"పోయిందని జాలిపడి వేసుకుంటున్నారండీ. బతికే ఉందంటే తిప్పి పంపిస్తారు. వేసుకోనివ్వండి."

దాంతో నా పీడకల మళ్ళీ మొదలైంది. వారం వారం పెద్దమ్మ పేరు ముందు ఆ రెండక్షరాలు, ఈసారి అచ్చులో వచ్చేవి. ఇంటి కాపీలో కొట్టేసేదాన్ని. లైబ్రరీ కాపీలో కొట్టేసేదాన్ని. బస్టాండులో పుస్తకాల కొట్టు ముందు దండ కట్టి వేలాడదీసిన కాపీల మీద పెన్ను పెట్టబోతే కొట్టాయన చెవి మెలేసి ఇంటికి లాక్కొచ్చాడు. ఎన్ని కొట్టేసినా ఏలూరులోనూ గుంటూరులోనూ మిగిలే ఉంటాయి కదా అని, పెద్దమ్మ దగ్గితే చాలు పరిగెత్తుకెళ్ళి చూసేదాన్ని. పెద్దమ్మ మాత్రం మొదట్లో సరదాపడింది. పుట్టింటి ఇంటిపేరుతో రావడం వల్ల ఊళ్ళో ఎవరికీ అనుమానం రాలేదు. హెడ్‌ఫోన్‌లో ఎవరో ఆడవాళ్ళు, "పాపం, ఇంత నవ్వించిన మనిషి ఇప్పుడు లేదటండీ," అని బాధపడుతుంటే విని, ఇంటికొచ్చి వాళ్ళ గొంతుల్తోనే చెప్పి నవ్వించేది. పోనుపోనూ చెప్పడం మానేసింది. సీరియల్ అయిపోయింది, పెద్దమ్మకి ఏమీ కాలేదు, నేను మళ్ళీ అన్నం తినడం మొదలుపెట్టాను.

ఇప్పుడు ఆ ఎక్స్ఛేంజిలో బోర్డూ లేదు, తాళ్ళూ లేవు, తలుపులకి తాళం. వారపత్రిక ఆగిపోయి చాలా ఏళ్ళయింది. ట్రంకాల్ అంటే ఏంటని మా అమ్మాయి అడుగుతుంది. పెదనాన్న లేరు. ఎనభై దాటిన పెద్దమ్మ మూడో అంతస్తు ఫ్లాటులో, చేతిలో సెల్‌ఫోనుతో దర్జాగా ఉంది. మొన్న వెళ్ళినప్పుడు, సీరియల్ వస్తున్న రోజుల్లోనే ఇంకో నవల మొదలుపెట్టావు కదా, నాలుగు అధ్యాయాలు నాకు చదివి వినిపించావు కూడా, అది ఎందుకు పూర్తి చేయలేదని అడిగాను.

"ఎవరి పేరుతో పంపనే? నా కోసం అందరూ ఏడ్చేశారుగా."

ఆ మాట నవ్వుతూనే అంది. పెద్దమ్మ బతికింది కదా అని ఇన్నేళ్ళూ నిశ్చింతగా ఉన్నాను గానీ, ఆ రాసే మనిషి ఏమైందని ఒక్కసారీ అడగలేదు.