ఎదురింటి అరుగు మీంచి హాలోవీన్

రేపల్లెలో ఉండే మా అక్క కూతురు స్కూటీ మీంచి పడి కాలు విరగ్గొట్టుకుంది. సిమెంటు కట్టుతో మంచం మీద పడుకుని, ఫోనులో అమెరికావాళ్ల దెయ్యాల పండగ హాలోవీన్ వీడియోలు చూసీ చూసీ, పాటకు తగ్గట్టు లైట్లు వెలిగి ఆరేలా ల్యాప్‌టాప్‌లో తనే ప్రోగ్రాం రాసింది. వాటిని ఇంటి ముందు కట్టే పని నాకు పడింది. నాకు ఫిజిక్సులో డిగ్రీ ఉంది. మా వాళ్ల లెక్కలో అది ఎలక్ట్రీషియన్ కన్నా కాస్త తక్కువ.

మా తెనాలి బజారులో హాలోవీన్ దెయ్యాలు దొరకలేదు. దిష్టిబొమ్మలు దొరికాయి. కోరలు, మీసాలు, వేలాడే నాలుక. వీడియోల్లో దెయ్యాలకన్నా ఆరోగ్యంగా ఉన్నాయి. మూడు కావాలంటే కొట్టతను జాలిపడ్డాడు.

"అంత దిష్టి తగిలిందాండీ?"

వాటిని ఒళ్లో పెట్టుకుని రేపల్లె రైలెక్కాను. పక్కన ఎవరూ కూర్చోలేదు.

బొమ్మల్ని గేటుకు కట్టి, కళ్లలో బల్బులు అమర్చి, చుట్టూ సీరియల్ సెట్లు చుడుతుండగా ఎదురింటి పిన్నిగారు బయటికొచ్చారు. దిష్టిబొమ్మ ఏ గుమ్మం వైపు చూస్తే పీడంతా ఆ గుమ్మంలోకి పోతుందని ఆవిడ నమ్మకం.

"ఏంటి బాబూ ఇది? మీ పీడ మా ఇంట్లోకి తోస్తావా?"

"పీడ కాదండి, లైటింగండి. పాటకి ఆడతాయండి."

"మళ్లీ కళ్లు కూడా పెట్టావూ!"

తలుపు ధడాలున పడింది.

చీకటి పడగానే స్విచ్చి వేశాను. స్పీకర్లో డప్పు మోగింది, దెబ్బ దెబ్బకీ కళ్లు మెరిశాయి. దారినపోయే సైకిళ్లు ఆగాయి. లోపల పిల్ల మంచం దగ్గరికి పరిగెత్తి, "ఎలా ఉందే?" అన్నాను.

"వైర్లు కనపడుతున్నాయి మావయ్యా."

కిటికీలోంచి చూశాను. నిజమే. మూడు వీపులు, బోలెడు వైర్లు. మొహాలన్నీ వీధి వైపు ఉన్నాయి. ఫోనులో వీడియో తీసి చూపిస్తే, "బాగుంది," అని గోడవైపు తిరిగింది. వీడియోలైతే తను ఇన్నాళ్లూ చూస్తూనే ఉంది.

మా అక్కవాళ్ల వీధిలో కుర్చీ వేస్తే బండికి దారుండదు. కూర్చుని చూడ్డానికి ఉన్న చోటల్లా పిన్నిగారి అరుగే. వెళ్లి తలుపు కొట్టాను. సంగతి చెప్పాను.

"ఆడించేది పిల్లా? నువ్వనుకున్నాను."

"నేను కట్టానంతేనండి."

"మరి మంచంలో ఉన్న పిల్లకి ఎలా కనపడుతుందనుకున్నావు?"

వెనక్కి తిరిగి గేటు వైపు చూశాను.

"ఏం చదివావు బాబూ నువ్వు?" అంటూనే అరుగు మీద ఆరేసిన చీర తీసేశారు. "నుంచున్నావేం? తీసుకురా పిల్లని. కాలు జాగ్రత్త."

మా బావా నేనూ కుర్చీతో సహా మోసుకొచ్చాం. పిన్నిగారు కట్టు కింద దిండు పెట్టి పక్కనే కూర్చున్నారు. పాట మొదట్నుంచి వేశాను. పాట సగం దాకా పిల్ల ఒక్కో బొమ్మనీ కళ్లు చిట్లించి చూసింది. నాకు కొంచెం భయమేసింది.

"మధ్యలోది లేటు," అంది చివరికి.

"అవునమ్మా, నేనూ ఇందాక మా కిటికీలోంచి చూశా," అన్నారు పిన్నిగారు. "మధ్యవాడు బద్ధకిస్తున్నాడు."

ల్యాప్‌టాప్ తెచ్చి పిల్ల ఒళ్లో పెట్టాను. మధ్యవాడు దారికొచ్చేదాకా ఇద్దరూ నన్ను అరుగుకీ గేటుకీ మధ్య తిప్పుతూనే ఉన్నారు.